పరలోకం మీద నమ్మకం లేనివాళ్లు చావు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఏ పెద్దకర్మకు వెళ్లినా, భోజనాలయ్యాక షామియానా కింద మిగిలిన నలుగురిలో ఒకరు మెల్లగా ఈ మాట ఎత్తుతారు: "నాకు స్వర్గం, నరకం, మళ్లీ జన్మ మీద నమ్మకం లేదండీ. మరి చావును ఎట్లా తట్టుకోవాలి?" అడిగేది లెక్చరర్ కావచ్చు, రొయ్యల గుంటలు చేసే రైతు కావచ్చు, డిగ్రీ చదివే అమ్మాయి కావచ్చు. సందేహాలు మాత్రం అవే. అందుకే జవాబులు ఒకచోట రాసి పెట్టాను. నమ్మేవాళ్ల మనసు మార్చాలని రాసింది కాదు ఇది. మీకు అవసరమైన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా చాలు.

## నమ్మకం సడలుతున్నప్పుడు

ఇన్ని కోట్లమంది నమ్ముతుంటే నేను నమ్మకపోవడం అహంకారం కాదా?

కాదు. ఈ సందేహం మీతో మొదలవలేదు. కఠోపనిషత్తు కథలో యముడి ఇంట మూడు రాత్రులు పస్తున్న నచికేతుడు మూడో వరంగా అడిగింది ఇదే: చనిపోయినవాడు ఉన్నాడని కొందరంటారు, లేడని కొందరంటారు, ఏది నిజం? అంటే ఆ కథ పుట్టిన రోజుల్లోనే "లేడు" అనేవాళ్లు ఉన్నారు. బుద్ధుడి కాలంలో అజిత కేశకంబలి అనే ఆచార్యుడు, మనిషి మట్టి, నీరు, నిప్పు, గాలితో అయినవాడని, పోయాక అవి వాటిలోనే కలుస్తాయని, పండితుడికైనా పామరుడికైనా అంతేనని బోధించాడు. చార్వాకులదీ అదే దారి. కాకికి పిండం పెట్టడాన్ని వేమన నిలదీసిన పద్యం తెలిసిన ముసలివాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. గోరా (1902–1975) నాస్తికుడిగా బతికి, విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపారు. మీది కొత్తగా వచ్చిన తిక్క అని ఎవరైనా అంటే బాధపడకండి. ఈ నేల మీద చాలాకాలంగా నలిగిన ఆలోచన ఇది.

ఆత్మ లేదని మీరు గ్యారంటీ ఇవ్వగలరా?

ఇవ్వలేను. నాకు కనిపించేది మాత్రం చెప్పగలను. పక్షవాతం వచ్చి మెదడులో కొంత భాగం దెబ్బతింటే మాట పడిపోతుంది. మతిమరుపు జబ్బు ముదిరితే కన్నకూతురి పేరే గుర్తుండదు, నెమ్మదస్తుడు కూడా కోపిష్టి అయిపోవచ్చు. ఆపరేషన్‌కు మత్తు ఇస్తే ఆ గంటలు మన లెక్కలోనే ఉండవు. "నేను" అనుకునేది మెదడుకు తగిలే చిన్న దెబ్బకే ఇంత మారిపోతుంటే, మెదడు పూర్తిగా ఆగిపోయాక చెక్కుచెదరకుండా ఉంటుందని నమ్మడానికి నాకు కారణం దొరకలేదు.

చచ్చి బతికినవాళ్లు ఏవేవో చూశామంటారు కదా, అదంతా అబద్ధమా?

అబద్ధమనాల్సిన పని లేదు. వాళ్లకు ఆ అనుభవం నిజంగానే కలిగింది. దానికి అర్థం ఏమిటన్నదే ప్రశ్న. ఆ మనుషులు చావు అంచుదాకా వెళ్లి వచ్చారు, అవతలికి వెళ్లి రాలేదు. ఆక్సిజన్ తగ్గి, మందుల ప్రభావంలో, ప్రాణభయంలో ఉన్న మెదడు కలిగించే అనుభవాలు కావచ్చు అవి. ఇంకో సంగతి గమనించండి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా సొరంగం, వెలుగు కనిపించాయంటారు. మన దేశంలో సేకరించిన కథల్లో యమదూతలు వస్తారు, "పేరు ఒకటే గానీ మనిషి వేరు, తిరిగి దింపండి" అంటారు. మన నాయనమ్మలు చెప్పిందీ ఇదే. ఒకే చోటికి వెళ్లివచ్చినవాళ్లు పెరిగిన ఊరిని బట్టి వేరే వేరేగా చూడటం ఎట్లా కుదురుతుంది?

చివరికి ఏమీ మిగలదంటే ఈ బతుక్కి అర్థం ఏంది?

ఈ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది. శాశ్వతంగా ఉంటేనే దేనికైనా విలువ అన్న ఊహ. మన రోజువారీ బతుకులో దాన్ని మనమే పాటించం. జ్వరంతో ఉన్న బిడ్డ నుదుటి మీద రాత్రంతా తడిగుడ్డ వేస్తాం. నూరేళ్ల తర్వాత ఆ తల్లీ ఉండదు, ఆ బిడ్డా ఉండదు. అయినా ఆ రాత్రి జ్వరం తగ్గడం నిజం, ఆ బిడ్డ నిద్రపోవడం నిజం.

"పైన లెక్క అడిగేవాడు లేకపోతే మంచిగా ఎందుకుండాలి?" అని కూడా దీనికి తోకగా అడుగుతారు. మనం చేసే మోసం తగిలేది పక్కింటి మనిషికి, కూలికి వచ్చిన మనిషికి. వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇంకో జన్మలో సరిచేసుకుందాం అనే వెసులుబాటు లేనప్పుడు ఎవరికైనా బాకీపడ్డ క్షమాపణ ఈ వారమే చెప్పాల్సి వస్తుంది. నాకైతే ఇది బాధ్యతను పెంచే ఆలోచనే.

## భయం పట్టుకున్నప్పుడు

రాత్రి పూట ఒక్కసారిగా "నేను ఉండను" అనిపించి గుండె దడదడలాడుతుంది. ఏం చేయాలి?

ముందు లేచి కూర్చోండి, లైటు వేయండి, మంచినీళ్లు తాగండి. ఊపిరి నెమ్మదిగా తీసుకుని, తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలండి. రాత్రి రెండు గంటలప్పుడు తత్వవిచారం చేయొద్దు. ఆ వేళకు ఒళ్లు అలిసి ఉంటుంది, ఏ ఆలోచన వచ్చినా భయం రంగే పులుముకుంటుంది. అదే ప్రశ్నను పొద్దున టీ తాగుతూ, వీలైతే కాగితం మీద రాసుకుంటూ ఆలోచించండి.

అప్పుడు ఒక పని చేయండి. మీ భయం ఏ రకమో విడదీయండి. చనిపోయాక ఏమవుతానో అన్న భయం ఒకటి. చనిపోయేటప్పుడు పడే యాతన గురించిన భయం ఇంకొకటి. నా వాళ్లను వదిలి పోవాలే అన్న దిగులు మూడోది. మూడూ కలిసి మీద పడితే మోయలేం. మొదటిదానికి ఆలోచన సాయం చేస్తుంది. రెండోదానికి వైద్యం, ముందుచూపు సాయం చేస్తాయి. మూడోది ప్రేమ ఉన్నంతకాలం ఉంటుంది, దాన్ని పనుల్లోకి మళ్లించుకోవాలి.

దడ తరచుగా వస్తుంటే, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే అది తత్వం సమస్య మాత్రమే కాదు. డాక్టర్‌ను కలవండి, ఇది నయమయ్యే టెన్షన్. బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

ఏమీ ఉండదంటే చీకట్లో ఒంటరిగా పడి ఉండటమేనా?

చాలామంది ఊహ అదే. ఆ ఊహలో ఒక మనిషి ఇంకా మిగిలే ఉన్నాడు, చీకటిని చూస్తున్నాడు, ఒంటరితనం పడుతున్నాడు. కానీ చూసే మనిషే లేకపోవడం కదా చావంటే! చీకటి తెలియడానికి కళ్లుండాలి, ఒంటరితనం తెలియడానికి మనసుండాలి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం దాకా జీవించిన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ వాదన ఇదే: మనం ఉన్నప్పుడు చావు లేదు, చావు వచ్చాక మనం లేము, కాబట్టి మనమూ చావూ ఎదురుపడటమే జరగదు.

మరో వైపు నుంచి చూడండి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అప్పటికి మీరు పుట్టి ఉండకపోతే, ఆ రోజు మీరు ఎక్కడున్నారు? ఎక్కడా లేరు. ఆ లేకపోవడం మిమ్మల్ని ఏమీ బాధించలేదు. అంతకు ముందు గడిచిన లక్షల ఏళ్లూ అంతే. రాబోయే లేకపోవడం దీనికంటే భయంకరంగా ఉంటుందని ఎందుకు అనుకోవాలి?

ఈ వాదనకు హద్దుంది, అది దాచను. చనిపోయి ఉండటం గురించిన భయాన్ని ఇది తగ్గిస్తుంది. బతుకు చేజారిపోతుందన్న బాధను తీర్చదు.

నాకు భయం లేదు, బాధ. పిల్లలు స్థిరపడకముందే పోతానేమోనని. దీనికేమైనా ఉందా?

ఈ బాధను పోగొట్టే మాట నా దగ్గర లేదు. పోగొట్టుకోవాలని కూడా మీరు కోరుకోరు. పిల్లలంటే ఏమీ అనిపించని మనిషైపోతే ఈ బాధ ఉండదు, ఆ బేరానికి ఎవరూ ఒప్పుకోరు.

దీనితో చేయగలిగింది ఒకటుంది. "నేను లేకపోతే" అన్న దిగులు కింద ఏముందో విడివిడిగా రాయండి. చదువుకు డబ్బు ఉంటుందా? పొలం మీద అప్పు ఎవరు తీరుస్తారు? చిన్నదానికి లెక్కలు రావు, ఎవరు చెబుతారు? అమ్మకు బీపీ మాత్రలు ఎవరు తెచ్చిస్తారు? ఇట్లా రాస్తే సగం విషయాలకు ఇప్పుడే ఏదో ఒకటి చేయొచ్చని తెలుస్తుంది. టర్మ్ ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాకు నామినీ, తమ్ముడితో ఒక సూటి మాట. మిగతా సగం, వాళ్ల నవ్వు చూడలేకపోవడం, వాళ్ల పెళ్లిలో నిలబడలేకపోవడం, వీటికి ఏర్పాటంటూ లేదు. వాటికోసం ఏడవడం తప్పు కాదు. ఏడ్చాక ఈ సాయంత్రం వాళ్లతో కూర్చోండి. పెళ్లి వరకు ఆగాల్సిన మాటలేవో ఉంటే అప్పటిదాకా ఆపకండి.

చచ్చేటప్పుడు బాగా నొప్పి ఉంటుందా?

జబ్బును బట్టి ఉంటుంది. అందరికీ ఒకే మాట చెప్పలేం. నయం కాని జబ్బుల్లో చాలామంది చివరి రోజుల్లో ఎక్కువసేపు నిద్రలో, ఆ తర్వాత స్పృహ లేకుండా ఉంటారు. ఆకలి, దాహం తగ్గిపోతాయి, అది ఒళ్లు నెమ్మదించడంలో భాగం. చివర్లో గొంతులో వచ్చే గురగుర చప్పుడు వినేవాళ్లను కలచివేస్తుంది. గొంతులో చేరిన తేమను మింగలేకపోవడం వల్ల వచ్చే చప్పుడది, ఆ మనిషికి అప్పటికి ఆ ఇబ్బంది తెలియకపోవచ్చు. ఊపిరి మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవడం కూడా మామూలే.

క్యాన్సర్ వంటి వాటిలో నొప్పి నిజంగా ఉంటుంది, దానికి మందూ ఉంది. మార్ఫిన్ మాత్రలను డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే చాలావరకు అదుపులో ఉంటుంది. "మార్ఫిన్ ఇస్తే ఇక అయిపోయినట్టే" అని భయపడి వద్దనే ఇళ్లు ఉన్నాయి. ఆ భయం వల్ల మనిషి అనవసరంగా యాతన పడతాడు. "నొప్పి తగ్గించే వైద్యం, పాలియేటివ్ కేర్ ఎక్కడ దొరుకుతుంది?" అని మీ డాక్టర్‌ను నేరుగా అడగండి.

## ఇంట్లో ఒకరు మంచాన ఉన్నప్పుడు

ఇక ఎక్కువ రోజులు లేవన్నారు. నాయన "పోయాక ఏముంటుంది రా?" అని అడిగితే ఏం చెప్పేది?

మీ నమ్మకాన్ని నిరూపించుకునే సమయం అది కాదు. ఆయనకు దేవుడి మీద నమ్మకం ఉంటే ఆ నమ్మకంతోనే పోనివ్వండి. రామనామం వినాలంటే వినిపించండి, పాస్టర్ గారినో హజ్రత్ గారినో పిలవమంటే పిలవండి. అందువల్ల మీరు తగ్గేదేమీ లేదు.

ఆ ప్రశ్న వెనక వేరే ప్రశ్న ఉండటమే ఎక్కువ. మీ అమ్మ ఏమవుతుంది? నేను చేసిన తప్పులు క్షమించారా? నన్ను మర్చిపోతారా? "నీకేమనిపిస్తుంది నాయనా?" అని తిరిగి అడిగి చూడండి, అసలు సంగతి బయటికొస్తుంది. దానికి నిజమైన జవాబు మీ దగ్గర ఉంటుంది: "అమ్మ నా దగ్గరే ఉంటుంది. చెల్లెలి పొలం సంగతి నేను చూస్తాను." ఆయనా నమ్మని మనిషైతే, సూటిగా నిజం కోరితే, "నొప్పి ఉండదు నాయనా, నిద్రలాగే. మేమంతా ఇక్కడే ఉంటాం" అనండి. అందులో అబద్ధం లేదు.

స్పృహ తప్పాక కూడా మాట్లాడుతూనే ఉండండి. చెవులు చివరిదాకా వినే అవకాశం ఉందంటారు. ఆ గదిలో ఆస్తి పంపకాల మాటలు వద్దు.

వెంటిలేటర్ ఆపమని సంతకం పెడితే నేనే చంపినట్టా?

కాదు. కోలుకునే ఆశ లేనప్పుడు, చావును సాగదీస్తున్న యంత్రాన్ని తీసేస్తే మనిషిని తీసుకుపోయేది జబ్బే. సుప్రీంకోర్టు 2018 మార్చిలో, గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, పద్ధతి ప్రకారం ఇటువంటి వైద్యం ఆపడాన్ని ఒప్పుకుంది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డు చూడాలి, దాని మీద రెండో బోర్డు చూడాలి, కుటుంబం ఒప్పుకోవాలి. నిర్ణయం మీ ఒక్కరి నెత్తిన పడదు. పడనివ్వకండి కూడా. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకేసారి డాక్టర్ ముందు కూర్చుని వినండి. ఫోన్‌లో ఒకరు ఒకరికి చెప్పుకుంటే తర్వాత నిష్ఠూరాలు వస్తాయి.

## ఆ రోజు, ఆ పదకొండు రోజులు

నాకు నమ్మకం లేదు. తలకొరివి పెట్టమంటున్నారు. పెడితే నా మాట నేనే తప్పినట్టా?

చాలామందిని కుదిపేసే ప్రశ్న ఇది, ఎందుకంటే ఆలోచించుకునే సమయం ఇవ్వకుండా వస్తుంది. బయట పాడె కడుతుంటారు, ఫ్రీజర్ బాక్స్ చుట్టూ బంధువులు, నిప్పుకుండ ఎవరు పట్టుకోవాలని మేనమామ అడుగుతుంటాడు.

నా అభిప్రాయం చెబుతాను. ముందుగా చూడాల్సింది పోయిన మనిషి కోరిక. అమ్మ బతికుండగా "నాకు అన్నీ పద్ధతిగా జరిపించు" అని అడిగి ఉంటే జరిపించండి. ఆమె జీవితానికి ఆమె కోరిన ముగింపు అది. "ఏ తంతూ వద్దు" అని చెప్పి ఉంటే ఆ మాట మీద నిలబడండి, ఊరంతా ఎదురు తిరిగినా సరే. ఏమీ చెప్పకుండా పోయి ఉంటే బతికి ఉన్నవాళ్లలో ఎక్కువ దెబ్బతిన్నది ఎవరో చూడండి. సాధారణంగా అది నాయనో, అమ్మో. వాళ్లకు ఆ మంట, ఆ మంత్రం, ఆ కుండ పగలడం అవసరమైతే, చేయడంలో అబద్ధం లేదు. పాడె భుజాన మోయడానికి పరలోకం మీద నమ్మకం అక్కర్లేదు. నెల్లూరులో పెన్నా ఒడ్డున ఉన్న బోడిగాడితోట శ్మశానంలో చితి ముందు నిలబడినప్పుడు మీరు వీడ్కోలు చెబుతున్నారు, అది నిజమే కదా.

హద్దు ఎక్కడ గీయాలి? అప్పు చేసి దానాలు ఇవ్వమంటే వద్దనండి. కూతురు తలకొరివి పెట్టకూడదంటే, పెట్టవచ్చని గట్టిగా చెప్పండి. భర్త పోయిన ఆడమనిషికి పదిమందిలో గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచే తంతును ఆపగలిగితే తప్పకుండా ఆపండి. అందులో చనిపోయినవాళ్లకు దక్కేది ఏమీ లేదు, బతికున్న మనిషిని అవమానించడం తప్ప. ఎంత సర్దుకుపోయే మనిషైనా ఇక్కడ సర్దుకోకూడదని నా నమ్మకం.

కాకి పిండం ముట్టలేదని అమ్మ ఏడుస్తోంది. ఎట్లా ఓదార్చాలి?

కాకులు జనం గుమిగూడితే దిగవు, కొత్త చోట అనుమానిస్తాయి. ఈ మాట మీకు తెలుసు, ఆమెకు ఇప్పుడు చెప్పకండి. ఆమె అడుగుతున్నది కాకి గురించి కాదు. "ఆయన తృప్తిగా పోయాడా? నేను సరిగా చూసుకున్నానా?" అని అడుగుతోంది.

మన వైపు ఆ సమయంలో ఏం చేస్తారో గమనించే ఉంటారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినవాళ్లతో మాట్లాడతారు: "చిన్నోడి చదువు మేం చూసుకుంటాం లే", "అప్పు మేం తీరుస్తాం, దిగులు పెట్టుకోవద్దు". నమ్మకం లేని నాకు ఆ తంతు మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఆ మాటే. నలుగురి ముందు, పేరు పెట్టి, చనిపోయినవాళ్ల బాధ్యతను బతికున్నవాళ్లు నెత్తికెత్తుకోవడం అది. మీరూ ముందుకెళ్లి ఒక మాట ఇవ్వండి, మీరు నిలబెట్టుకోగలిగినదే ఇవ్వండి. తర్వాత అమ్మ పక్కన కూర్చుని, ఆఖరి నెలల్లో ఆమె గురించి నాయన మీతో అన్న మంచిమాట ఏదైనా ఉంటే చెప్పండి. ఉన్నదే చెప్పండి, కల్పించొద్దు. పెద్దకర్మ అయి అందరూ వెళ్లిపోయాక, మీరిచ్చిన మాట సంగతి ఆ నెలలోనే మొదలుపెట్టండి.

కళ్లు, శరీరం దానం చేయాలంటే ఏం చేయాలి?

నేత్రదానం: మరణించిన ఆరు గంటల్లోపు కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) తీసుకోవాలి. నేత్రబ్యాంకు వాళ్లు ఇంటికే వచ్చి తీసుకుంటారు, కొద్దిసేపటి పని, ముఖం వికారంగా మారదు. వయసు అడ్డు కాదు. కళ్లజోడు ఉన్నా, కంటి శుక్లం ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు. వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపేయండి.

శరీరదానం: మెడికల్ కాలేజీలో అనాటమీ విభాగం తీసుకుంటుంది. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. బతికుండగానే అంగీకార పత్రం రాసి ఇవ్వడం మంచిది. అయినా ఆ రోజు ఫోన్ చేసి అప్పగించాల్సింది కుటుంబమే కాబట్టి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ కాగితం పనిచేయదు. డాక్టర్ ఇచ్చిన మరణ ధ్రువపత్రం కావాలి. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని, కొన్ని అంటువ్యాధులు ఉన్న దేహాన్ని తీసుకోరు. అందుకని రెండో ఏర్పాటు కూడా మనసులో ఉంచుకోండి.

అవయవదానం వేరు. మెదడు చనిపోయిందని ఆసుపత్రిలో నిర్ధారించినప్పుడే గుండె, కాలేయం వంటివి ఇవ్వగలరు. మన రాష్ట్రంలో జీవన్‌దాన్ పథకం కింద జరుగుతుంది.

"దేహం కోస్తారంట" అని ఇంట్లో వెనకాడితే, 2010లో పశ్చిమ బెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతి బసు దేహాన్ని, 2024 సెప్టెంబరులో మన తెలుగువాడు, సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని వైద్య విద్యకు ఇచ్చారని చెప్పండి. రేపు మన ఊళ్లో ఆపరేషన్ చేయాల్సిన పిల్లలు ఆ టేబుళ్ల దగ్గరే నేర్చుకుంటారు.

పిల్లలు "తాత ఎక్కడికి పోయాడు?" అంటే ఏం చెప్పాలి?

"చనిపోయాడు" అనే మాట వాడండి. "నిద్రపోయాడు" అంటే కొందరు పిల్లలు నిద్రకే భయపడతారు. "ఊరెళ్లాడు" అంటే ఎదురుచూస్తారు. "తాత ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోడు, నొప్పి ఉండదు, తిరిగి రాడు" అని చిన్న మాటల్లో చెప్పండి. ఐదేళ్లలోపు పిల్లలకు తిరిగి రాకపోవడం సరిగ్గా అర్థం కాదు. మళ్లీ మళ్లీ అడుగుతారు, విసుక్కోకుండా అదే చెప్పండి. "నువ్వు అల్లరి చేసినందుకు కాదు" అని వాళ్లు అడగకపోయినా చెప్పండి. నాయనమ్మ "నక్షత్రమయ్యాడు" అంటే ఆమెను పిల్లల ముందు ఖండించొద్దు. "నాయనమ్మ అట్లా అనుకుంటుంది, నేను ఇట్లా అనుకుంటాను" అంటే పిల్లలకు అర్థమవుతుంది.

## తర్వాత నెలల్లో

చిన్న వయసులోనే పోయాడు. "రాసిపెట్టి ఉంది" అనుకుంటే కొంచెం ఊరట. నాకు అదీ లేదే?

ఊరట ఇస్తే ఎవరినీ ఆ మాట నుంచి లాగకూడదు. కానీ ఆ మాట చాలామందికి లోపల గుచ్చుకుంటుంది కూడా. నా బిడ్డకే ఎందుకు రాశాడు, నేనేం పాపం చేశాను అని తల్లి తనను తాను నలుపుకుంటుంది. తలరాత అనేది లేకపోతే ఆ నింద కూడా లేదు.

మన పశ్చిమ ప్రాంతంలో కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఒకప్పుడు కాళ్లు వంకర్లు పోయి, నడుములు వంగిపోయిన మనుషులు ఊరూరా ఉండేవాళ్లు. అది కర్మ అనుకున్నవాళ్లు ఎందరో. 1937లో పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును పరిశీలించి, కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. ఎవరి పాపమూ కాదు, బావి నీళ్లు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను నేరుగా కొట్టినా, ముందస్తు హెచ్చరికలు, తరలింపుల వల్ల ప్రాణనష్టం దానితో పోలిస్తే చాలా తక్కువ. ముందే రాసిపెట్టి ఉంటే ఒక హెచ్చరికతో అంతమంది ఎట్లా బతికారు?

మీ బిడ్డ మరణానికి కారణం ఉంటుంది, ప్రయోజనం ఉండకపోవచ్చు. ఈ మాట కఠినంగా ఉంటుందని తెలుసు. అయినా మీరు శిక్ష అనుభవిస్తున్నారన్న మాట కంటే దీనితో బతకడం తేలికని నేను అనుకుంటున్నాను.

ఆయన పిలిచినట్టు వినపడుతుంది, కల్లోకి వస్తాడు. నాకు మతి చెడుతోందా?

లేదు. దగ్గరివాళ్లను పోగొట్టుకున్న చాలామందికి ఇది జరుగుతుంది. ముప్పై ఏళ్లు సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడు విన్న చెవి ఆ వేళకు ఆ చప్పుడు కోసం చూస్తుంది. భయపడొద్దు, భూతవైద్యుల దగ్గరికి పోవద్దు. తిరిగి మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, నమ్మకం లేనివాళ్లు కూడా మాట్లాడతారు. నెలలు గడిచినా లేవలేక, తినలేక, ఏ పనీ చేయలేక ఉంటే మాత్రం డాక్టర్ సాయం తీసుకోండి.

తద్దినం పెట్టకపోతే మరి గుర్తు చేసుకునేది ఎట్లా?

ఏడాదికొక రోజు పెట్టుకోవడం మంచి పద్ధతి, దాన్ని వదులుకోవద్దు. సంక్రాంతికి బోడిగాడితోటలో సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే కుటుంబాలతో పాటు మీరూ వెళ్లొచ్చు. ఆమె చేసే చేపల పులుసు ఆ రోజు వండి, ఎట్లా చేసేదో పిల్లలకు చెబుతూ తినొచ్చు. ఆయన పేరుతో బడికి పుస్తకాలు, ఆసుపత్రి దగ్గర పడిగాపులు కాసే బంధువులకు భోజనం, రక్తదానం, ఇవన్నీ చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఖర్చు కంటే ఆ రోజు నలుగురూ కూర్చుని ఆ మనిషి గురించి మాట్లాడటమే ముఖ్యం. లోపాలతో సహా మాట్లాడండి. అప్పుడే మీకు తెలిసిన మనిషి గుర్తొస్తాడు.

వందేళ్లకు నా పేరు కూడా ఎవరికీ తెలియదు. అది తలుచుకుంటే దిగులు.

తెలియదు, నిజమే. ముత్తాత తండ్రి పేరు మనలో ఎంతమందికి తెలుసు? కంభం చెరువు కట్ట మీద నిలబడి చూడండి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ మీద, కొండల మధ్య వేసిన కట్ట అది. రాజుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. తట్టలతో మట్టి మోసినవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు. ఆ నీళ్లతో ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి, ఆ అన్నం తినే మనిషికి మట్టి మోసిన మనిషి తెలియదు. ఆ పని మాత్రం తెలియకుండానే అందుతోంది.

అందరం కంభం చెరువు కట్టలేం. మీరు ఒక పిల్లవాడికి కోప్పడకుండా లెక్కలు చెబితే, వాడు రేపు తన బిడ్డకు అట్లాగే చెబుతాడు. అక్కడ మీ పేరు ఉండదు. నాకు ఇది సరిపోతుంది. పేరు నిలవాలన్న కోరిక మీకు ఇంకా ఉంటే అదేమీ తప్పు కాదు, దాన్ని బట్టి మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

## మన ఏర్పాట్లు మనం చేసుకునేటప్పుడు

కాగితాల మీద ఏమేం రాసి పెట్టుకోవాలి?

వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. కోలుకునే ఆశ లేనప్పుడు ఎటువంటి వైద్యం వద్దో చెప్పే లివింగ్ విల్ వేరే కాగితం. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. మీ తరఫున నిర్ణయం చెప్పే మనిషి పేరు అందులో రాయండి. మూడోది మామూలు ఉత్తరం: దహనమా, ఖననమా, శరీరదానమా? ఏ తంతు కావాలి, ఏది వద్దు? మీ తర్వాత ఇంట్లోవాళ్లు మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలని కూడా అందులోనే రాయండి. దుఃఖంలో ఇది మర్చిపోయి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది.

ముసలితనంలో భయపడి మళ్లీ దేవుణ్ణి తలుచుకుంటే ఓడిపోయినట్టా?

ఇందులో గెలుపోటములు లేవు. నొప్పిలో "అమ్మా" అన్నట్టే "దేవుడా" అని కూడా వస్తుంది. ఎవరైనా దాన్ని ఎత్తిచూపితే పట్టించుకోకండి.

మాట ఎత్తితేనే "అపశకునం మాటలు" అని నోరు మూయిస్తారు. ఇంట్లో ఎట్లా చెప్పేది?

పండగ పూట, ఎవరికైనా ఒంట్లో బాగాలేని పూట వద్దు. వేరేవాళ్ల సంగతి వచ్చినప్పుడు అందుకోండి. ఫలానా ఇంట్లో వీలునామా లేక అన్నదమ్ములు కోర్టుకెక్కారట అని ఎవరో అంటారు. "అందుకే నేను రాసిపెట్టాను, బీరువాలో పొలం పాసుపుస్తకంతో పాటు ఉంది" అని ఒక్క మాట చెప్పి ఆపండి. మొదటిసారి కోప్పడతారు. రెండోసారి వింటారు. అన్నీ ఒకే రోజు చెప్పాలనుకోకండి. భార్యతోనో భర్తతోనో ముందు మాట్లాడి, పిల్లల్లో ఈ విషయం తట్టుకుని వినగలిగిన ఒకరికి కాగితాలు చూపించండి. ఇంటి బయట ఇంకొకరికి, మీ వయసు స్నేహితుడికి కాకుండా పదేళ్లు చిన్నవాళ్లకు, కాపీ ఇవ్వండి. శరీరదానం రాసి ఉంటే ఆ రోజు ఫోన్ చేయాల్సిన నంబర్ కాగితం పైనే పెద్ద అక్షరాలతో రాయండి.